ముందు రక్తపరీక్ష, తర్వాత తిండి, నిద్ర, ఆ తర్వాతే నడక: చంటిపిల్లల తల్లి అలసటకు ఒక వరుస

ప్రశ్న: మూడున్నరేళ్ల బాబు, తొమ్మిది నెలల పాప. పాపకు ఇంకా నా పాలు ఇస్తున్నాను, రాత్రి రెండు మూడుసార్లు లేస్తుంది. హైదరాబాద్‌లో ఉద్యోగం, మళ్లీ ఆఫీసుకు వెళ్లడం మొదలై రెండు నెలలు. మెట్లెక్కితే ఆయాసం, దువ్వెన నిండా జుట్టు, నడుం నొప్పి, కుడి బొటనవేలి మొదట్లో నొప్పి. బరువు కూడా తగ్గలేదు. పొద్దున్నే ఐదింటికి లేచి నడుద్దామనుకుంటే మూడు రోజులకే ఆగిపోతోంది. మంచి అలవాట్లు ఎక్కడ మొదలుపెట్టాలి?

సమాధానం:

ఐదింటి నడకతో మాత్రం వద్దు. అది ఆగిపోవడానికి మీ బద్ధకం కారణం కాదు. రాత్రి మూడుసార్లు లేచిన మనిషి మిగిలిన నిద్రలోంచి ఇంకో గంట తీసేస్తే ఆ రోజంతా ఆకలి ఎక్కువవుతుంది, తీపి మీదికి మనసు పోతుంది, సాయంత్రానికి పిల్లల మీద విసుగు వస్తుంది. అలవాటు నిలవాలంటే ఒంట్లో దానికి సరిపడా సరుకు ఉండాలి. కాబట్టి ముందు రక్తం సంగతి తేల్చుకోండి. తర్వాత తిండి, నిద్ర సరిచేసుకోండి. నొప్పులు తగ్గాక నడక గురించి ఆలోచిద్దాం.

మెట్లెక్కితే ఆయాసం, జుట్టు రాలడం రెండూ కలిసి ఉన్నాయి కాబట్టి ఈ వారంలోనే నాలుగు పరీక్షలు చేయించండి: సీబీసీ (రక్తకణాల లెక్క), సీరం ఫెరిటిన్ (ఇనుము నిల్వ), టీఎస్‌హెచ్ (థైరాయిడ్), విటమిన్ బీ12. "చంటిపిల్లల తల్లికి అలసట మామూలే" అనే మాట మన ఇళ్లలోనే కాదు, క్లినిక్కుల్లోనూ వినిపిస్తుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత తెలంగాణలో 57.6 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం. ఇంతమందికి ఉంది కాబట్టే మామూలుగా కనిపిస్తోంది, అంతే.

రిపోర్టు చూసేటప్పుడు హిమోగ్లోబిన్ ఒక్కటే చూసి ఊరుకోకండి. గర్భంతో లేని ఆడవాళ్లకు 12 కంటే తక్కువుంటే రక్తహీనత. కానీ 12.2 వచ్చి "నార్మల్" అని ముద్ర పడినా, ఇనుము నిల్వలు అడుగంటి ఉండొచ్చు. ఆ నిల్వను చెప్పేది ఫెరిటిన్. అది 15 కంటే తక్కువైతే నిల్వ అయిపోయినట్టే. 30 కంటే తక్కువుండి లక్షణాలు కూడా ఉంటే చాలామంది డాక్టర్లు మందు మొదలుపెడతారు. జ్వరం, ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు ఫెరిటిన్ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది, కాబట్టి తగ్గిన రెండు వారాలకు ఇవ్వండి. సీబీసీలో ఎంసీవీ, అంటే ఎర్ర రక్తకణాల సగటు పరిమాణం, 80 కంటే తక్కువుండి, ఫెరిటిన్ మాత్రం బాగానే ఉంటే తలసీమియా అనే వంశపారంపర్య రక్త సమస్యకు లక్షణవాహకులేమో చూడాలి. అలాంటివాళ్లు ఏళ్ల తరబడి ఐరన్ మింగినా ఫలితం ఉండదు. ఎంసీవీ 100 దాటితే అనుమానం బీ12 మీదికి వెళుతుంది. మీరు శాకాహారులైతే బీ12 పరీక్ష అసలు మానొద్దు. తల్లిలో అది తక్కువైతే పాల ద్వారా పాపకూ తక్కువే అందుతుంది.

జుట్టు కోసం బయోటిన్ బిళ్లలు వాడుతున్నారా? పరీక్షకు రెండు మూడు రోజుల ముందే ఆపి, ఆ సంగతి ల్యాబ్‌లో చెప్పండి. బయోటిన్ వల్ల థైరాయిడ్ రిపోర్టు తప్పుగా రావచ్చు. కాన్పైన ఏడాదిలోపు కొందరిలో థైరాయిడ్ గ్రంథి వాచి, మొదట హార్మోన్ ఎక్కువై, తర్వాత నాలుగు నుంచి ఎనిమిది నెలల మధ్య తక్కువవడం మొదలవుతుంది. అలసట, మలబద్ధకం, చలి ఓర్వలేకపోవడం, తగ్గని బరువు అప్పుడే మొదలవుతాయి. పాప వయసు చూస్తే మీరు ఆ సమయం ఇప్పుడే దాటారు, అప్పుడు మొదలైంది ఇంకా కొనసాగుతుండొచ్చు. జుట్టు విషయానికొస్తే, కాన్పు తర్వాత రెండు నుంచి నాలుగు నెలల్లో రాలడం మొదలై ఏడాదికల్లా సర్దుకోవడం సహజం. రిపోర్టులన్నీ బాగుంటే దానికి నూనెలు, సీరమ్‌లు కొనక్కర్లేదు.

నెలసరి మళ్లీ మొదలైతే అదీ గమనించుకోండి. గంటకో రెండు గంటలకో ప్యాడ్ నిండిపోవడం, రూపాయి బిళ్లంత గడ్డలు పడటం, ఏడు రోజులు దాటడం ఉంటే ఇనుము అక్కడ పోతోందని అర్థం. కాపర్-టీ వేయించుకున్న మొదటి ఆర్నెల్లలో ఇది ఎక్కువగా జరుగుతుంది. రక్తపోటు, షుగర్ ఏనాడూ లేవనుకున్నా, గర్భంతో ఉన్నప్పుడు షుగర్ వచ్చిందని చెప్పి ఉంటే ఈసారి రక్తంలో చక్కెర కూడా చూపించుకోండి. ఇనుము తక్కువున్నప్పుడు హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు చక్కెర చెప్పే పరీక్ష) లేనిపోని ఎక్కువ చూపిస్తుంది, కాబట్టి 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి చేసే పరీక్ష నమ్మకమైనది.

ఐరన్ బిళ్లల విషయంలో ఎక్కువమంది దెబ్బతినేది ఎలా వేసుకోవాలో తెలియక. పాలిచ్చే తల్లికి కాన్పు తర్వాత 180 రోజులు రోజుకో ఎర్ర బిళ్ల ఇవ్వాలని రక్తహీనత తగ్గించడానికి ప్రభుత్వం పెట్టిన అనీమియా ముక్త్ భారత్ కార్యక్రమంలో ఉంది. అందులో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. ఏఎన్ఎం (ప్రభుత్వ ఆరోగ్య కార్యకర్త) ఇచ్చిన ఆ అట్టలు చాలా ఇళ్లలో ఫ్రిజ్ మీద అలాగే పడి ఉంటాయి. కారణం అడిగితే కడుపులో తిప్పుతుందనో, విరేచనం నల్లగా వస్తోందనో చెబుతారు. నల్లగా రావడం మామూలే, భయం లేదు. వికారంగా ఉంటే రాత్రి పడుకునే ముందు వేసుకోండి. అప్పటికీ పడకపోతే రోజు విడిచి రోజు వేసుకోవచ్చేమో డాక్టర్‌ని అడగండి, అలా వేసుకున్నా ఇనుము బాగానే ఒంటబడుతుంది. టీ, కాఫీ, పాలు, పెరుగన్నంతో వేసుకుంటే మాత్రం సగం దండగ. క్యాల్షియం బిళ్లకూ దీనికీ కనీసం రెండు గంటలు, థైరాయిడ్ బిళ్లకూ దీనికీ నాలుగు గంటలు ఎడం ఉండాలి. పొద్దున్నే థైరాయిడ్, మధ్యాహ్నం భోంచేశాక క్యాల్షియం, రాత్రి ఐరన్ అని పెట్టుకుంటే గుర్తుంటుంది.

రక్తం తక్కువుందని తేలి మోతాదు డాక్టర్ నిర్ణయించాక, నాలుగు వారాలకు హిమోగ్లోబిన్ కనీసం ఒక గ్రాము పెరగాలి. పెరగలేదంటే బిళ్ల సరిగా వేసుకోవడం లేదు, లేదా రక్తం ఎక్కడో పోతోంది, లేదా కారణం ఇనుము కాదు. పెరిగింది కదా అని ఆపేయడం ఇంకో తప్పు. హిమోగ్లోబిన్ మామూలు స్థాయికి వచ్చాక మరో మూడు నెలలు వేసుకుంటేనే నిల్వ నిండుతుంది. ఒక హెచ్చరిక: ఎర్రగా, తీపి పూతతో ఉండే ఈ బిళ్లలు మీ బాబుకు చాక్లెట్లలా కనిపిస్తాయి. కొన్ని మింగినా చిన్నపిల్లలకు విషమవుతుంది, ఎక్కువైతే ప్రాణాపాయం. టేబుల్ మీద, హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టకండి, బీరువా పై అరలో తాళం వేసి ఉంచండి.

ఇక తిండి. బీట్‌రూట్ రసం తాగితే రక్తం పడుతుందనేది రంగు చూసి పుట్టిన నమ్మకం. వంద గ్రాముల బీట్‌రూట్‌లో ఒక మిల్లీగ్రాము ఇనుము కూడా లేదు. పాలిచ్చే తల్లికి రోజుకు 23 మిల్లీగ్రాములు కావాలని మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క. అంత తినడం ఒక ఎత్తు, తిన్నది ఒంటబట్టించుకోవడం ఇంకో ఎత్తు. మనం చేసే అతి పెద్ద పొరపాటు టిఫిన్‌తో పాటే టీ కాఫీలు తాగడం. టీలోని వగరు పదార్థాలు పప్పు, ఆకుకూరల్లోని ఇనుమును పట్టేసి పేగులోకి వెళ్లనివ్వవు. మానక్కర్లేదు, తిన్న గంటకో తినడానికి గంట ముందో తాగండి. పాలిస్తున్నా రోజుకు రెండు కప్పులకు ఇబ్బంది లేదు. మూడింటి తర్వాత తాగితే రాత్రి నిద్రకు అడ్డం వస్తుంది, అంతే. టీ ఇనుమును ఆపితే, ఒంటబట్టేలా చేసేది విటమిన్ సి. పప్పు పొయ్యి మీద నుంచి దించాక నిమ్మకాయ పిండండి, ఉడుకుతుండగా పిండితే చాలావరకు పోతుంది. భోంచేశాక సగం జామకాయ నిమ్మకంటే ఇంకా మేలు. టమాటా కూరలు, పులుసులు ఇనప మూకుడులో వండితే కొంత ఇనుము కూరలోకి దిగుతుంది. వండగానే వేరే గిన్నెలోకి తీసేయండి, లేకపోతే నల్లబడి కనరు వాసన వస్తుంది. దోసెకు నాన్‌స్టిక్ పెనం కంటే ఇనప పెనం మంచిదనేదీ ఇందుకే.

ఇనుముతో పాటు లోటు పడేది ప్రొటీన్. ఆరు నెలలు దాటిన బిడ్డకు పాలిచ్చే తల్లికి రోజుకు 60 గ్రాముల దాకా కావాలి. రెండు ఇడ్లీ, చట్నీ, మధ్యాహ్నం అన్నం పప్పుచారు, సాయంత్రం టీ బిస్కెట్లు, రాత్రి పెరుగన్నం, మధ్యలో బాబు వదిలేసిన ముద్దలు: ఇలా గడిచిన రోజు నలభై దాటడం కష్టం. కొత్తగా వంటలేమీ మొదలుపెట్టకండి. రెండు గుడ్లలో 12, పలచటి చారు కాకుండా గట్టి పప్పు ఒక కప్పులో 8, పెద్ద కప్పు పెరుగులో 6, గుప్పెడు వేయించిన పల్లీల్లో 7, ఇడ్లీ బదులు 50 గ్రాముల పెసలతో వేసిన పెసరట్లలో 12 గ్రాములు వస్తాయి. అన్నంలో ఉండేదీ కలిపితే లెక్క దాదాపు సరిపోతుంది. ఆదివారం అరకిలో పెసలు నానబెట్టి అల్లం, పచ్చిమిర్చి వేయకుండా రుబ్బితే ఫ్రిజ్‌లో మూడు రోజులు పులవకుండా ఉంటుంది, బాబుకూ అదే పిండి పనికొస్తుంది. అల్లం పచ్చిమిర్చి ఏ పూటకాపూట కలుపుకోవచ్చు. గుడ్లు ఒకేసారి ఆరు ఉడకబెట్టి పెంకుతో ఫ్రిజ్‌లో పెడితే వారం నిలుస్తాయి.

పాప పాలు తాగే చోట మంచం పక్కనే లీటరు నీళ్ల సీసా, పల్లీలో శనగలో ఉన్న మూత గట్టి డబ్బా ఉండాలి. పల్లీలు, శనగలు చిన్నపిల్లల గొంతుకు అడ్డం పడతాయి కాబట్టి డబ్బా బాబుకు అందకూడదు. పాలిచ్చిన ప్రతిసారీ ఒక గ్లాసు నీళ్లు తాగితే వేసవిలో కావలసిన మూడు లీటర్ల దగ్గరికి వస్తారు. ఒక్క మాట, బాలింత పథ్యం పేరుతో నీళ్లు, పెరుగు, ఆకుకూరలు, పప్పు ఇప్పటికీ మీ ఇంట్లో ఎవరైనా ఆపుతుంటే, ఎంత గౌరవించాల్సిన పెద్దవాళ్లయినా సరే, ఆ మాట పక్కన పెట్టండి.

నిద్ర అన్నిటికంటే కష్టమైనది, ఎందుకంటే అది మీ ఒక్కరి చేతిలో లేదు. ముక్కలుముక్కలుగా ఏడు గంటలు పడుకున్నా తీరనిది, ఒకే బిగిన నాలుగున్నర గంటలు దొరికితే చాలావరకు తీరుతుంది. కాబట్టి రాత్రిని రెండుగా కోయండి. తొమ్మిదింటికి పాపకు పాలిచ్చి, తొమ్మిదిన్నర నుంచి రెండింటి దాకా మీరు వేరే గదిలో తలుపు వేసుకుని పడుకోవాలి. అదే గదిలో ఉంటే పాప కదిలిన ప్రతిసారీ మీకు మెలకువ వస్తుంది, పాప కూడా మీ వాసనకు పాలే కావాలంటుంది. ఆ నాలుగున్నర గంటలు మీవారివి. రెండు తర్వాత మీవి. మీవారిది అమెరికా షిఫ్టయితే తిరగేయండి: రాత్రి మొదటి భాగం మీరు, ఆయన వచ్చాక రెండున్నర నుంచి ఏడింటి దాకా ఆయన. అత్తగారో అమ్మో ఇంట్లో ఉంటే వారానికి రెండు రాత్రులు వాళ్లను అడగడంలో తప్పు లేదు.

మధ్యలో పాప లేస్తే పిండి ఉంచిన పాలు ఇవ్వొచ్చు. పిండిన పాలు ఫ్రిజ్‌లో నాలుగు రోజులు ఉంటాయి, తలుపులో కాకుండా లోపలి వెనక భాగంలో పెట్టండి. బయట నాలుగు గంటలు అనే లెక్క 25 డిగ్రీల లోపు గదికే, మన ఎండాకాలానికి కాదు. వేడి నీళ్ల గిన్నెలో సీసా పెట్టి వెచ్చబరచాలి, మైక్రోవేవ్ వద్దు. పాప ఎంగిలి చేసిన పాలు రెండు గంటలు దాటితే పారబోయాలి. ఆ వయసుకు పాలసీసా కొత్తగా అలవాటు చేయకండి, ఉగ్గుగిన్నెతోనో చిన్న స్టీలు గ్లాసుతోనో తాగించొచ్చు. మొదటి మూడు నాలుగు రాత్రులు పాప ఏడుస్తుంది, ఇంట్లో అందరూ "పాపం, తల్లి దగ్గరికి ఇచ్చేయండి" అంటారు. చాలా ఇళ్లలో ఈ ఏర్పాటు ఆ మాట దగ్గరే చెడిపోతుంది. మీ రొమ్ములు గట్టిపడితే నొప్పి తగ్గేంత మాత్రమే పిండేయండి. పూర్తిగా పిండితే పాలు ఇంకా పడతాయి, అసలు పిండకపోతే గడ్డకట్టి జ్వరం రావచ్చు. ఇంకోటి, అర్ధరాత్రి సోఫాలో కూర్చుని పాలివ్వకండి. అలాగే నిద్రపట్టేస్తే పాపకు ఊపిరాడని ప్రమాదం ఉంది.

పిల్లలు పడుకున్నాక ఫోన్ చూస్తూ పదకొండున్నర దాకా గడిచిపోతోందా? దాన్ని చెడ్డ అలవాటు అనేయడం తేలిక. రోజు మొత్తంలో మిమ్మల్ని ఎవరూ పిలవని సమయం అదొక్కటే, అందుకే వదలబుద్ధి కాదు. ఫోన్ లాక్కుంటే పోయేది కాదిది. ఆ ఏకాంతం సాయంత్రం అరగంట దొరికితే రాత్రి దానికోసం మేలుకోవాల్సిన పని ఉండదు. దొరకాలంటే "కాస్త పిల్లల్ని చూడండి" అంటే కుదరదు, ఆ కాస్త రెండు నిమిషాల్లో "పాప నీకోసం ఏడుస్తోంది" అని ముగుస్తుంది. పని పేరు, గంట చెప్పి అప్పగించాలి: "ఏడింటి నుంచి ఏడున్నర దాకా బాబు స్నానం, అన్నం మీవి." ఆయన చొక్కా తిరగేసి తొడిగినా, అన్నం సగమే పెట్టినా మీరు వెళ్లి సరిచేయకండి. సరిచేసిన రోజు ఆ పని తిరిగి మీదవుతుంది.

బొటనవేలి నొప్పికి ఇంట్లో ఒక పరీక్ష ఉంది. బొటనవేలిని లోపల పెట్టి పిడికిలి బిగించి, మణికట్టును చిటికెనవేలి వైపు వంచండి. బొటనవేలి మొదట్లో చురుక్కుమంటే అక్కడి నరాల్లాంటి తాళ్లు, అంటే టెండన్లు, రాపిడికి వాచాయి. పాపను చంకల కింద వేళ్లు జాచి ఎత్తడం వల్ల వచ్చేదిది. ఒక చేయి పిర్రల కింద, ఒక చేయి వీపు కింద, అరచేతులు పైకి ఉండేలా ఎత్తండి. బొటనవేలిని కూడా కలిపి పట్టి ఉంచే స్ప్లింట్ నాలుగు వారాలు వాడండి, మణికట్టుకు మాత్రమే కట్టే బెల్టు దీనికి పనిచేయదు. ఫోన్‌లో టైపింగ్ ఎడమచేత్తో.

నడుముకు: పాలిచ్చేటప్పుడు పాప మీదికి వంగకుండా ఒళ్లో దిండు పెట్టి పాపనే పైకి తెచ్చుకోండి. నేల మీంచి ఎత్తాలంటే ఒక మోకాలు ఆనించి, పాపను ఛాతీకి హత్తుకున్నాక లేవండి. మెలి తిరుగుతూ ఎత్తడం అన్నిటికంటే చేటు. ఎప్పుడూ ఒకే వైపు చంకనెత్తుకోకండి. వంటగట్టు దగ్గర చిన్న పీట వేసి ఒక పాదం దాని మీద ఉంచి, కాసేపటికి మార్చండి. తుమ్మినా దగ్గినా మూత్రం చుక్క పడుతుంటే, మూత్రాన్ని ఆపుకున్నట్టు కింది కండరాలను బిగించి ఆరేడు సెకన్లు ఉంచి వదలండి. ఎనిమిదిసార్లు, రోజుకు మూడు పూటలు, మూడు నెలలు. ఊపిరి బిగబట్టకూడదు, మూత్రం పోస్తూ మధ్యలో ఆపి సాధన చేయకూడదు. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి తల కొంచెం ఎత్తినప్పుడు బొడ్డు పైన రెండు వేళ్ల కంటే ఎక్కువ సందు తగిలితే ముందు ఫిజియోథెరపిస్టును కలవండి. అంతవరకు సిటప్స్, ప్లాంక్స్ వద్దు. పొట్టకు గుడ్డ బిగించి కట్టినా ఆ సందు పూడదు, ఒత్తిడంతా కిందికి వెళుతుంది.

ఇవన్నీ ఒక నెల నడిచాక నడక. ఐదింటికి కాదు, మధ్యాహ్నం భోజనం అయ్యాక ఆఫీసు వరండాలో పది నిమిషాలు, సాయంత్రం పాపను ఎత్తుకుని కాకుండా బండిలో పెట్టుకుని పది నిమిషాలు. వారానికి 150 నిమిషాలు లక్ష్యమే అయినా మొదటి నెలలో సగం చేరినా చాలు. బరువు వారానికి అరకిలోకి మించి తగ్గించకండి. పాలు ఇస్తున్నంతకాలం రాత్రి భోజనం మానేయడం, పండ్ల మీదే ఉండటం లాంటివి పెట్టుకోవద్దు. ఆరు నెలలు దాటాక కూడా పాల కోసం రోజుకు సుమారు 520 క్యాలరీలు అదనంగా కావాలి.

రిపోర్టులన్నీ బాగుండి, పాప పడుకున్నా మీకు నిద్ర పట్టకపోవడం, దేనిమీదా ఇష్టం లేకపోవడం, ఊరికే ఏడుపు రావడం రెండు వారాలు దాటితే అది అలసట కాదు, కాన్పు తర్వాత వచ్చే డిప్రెషన్ కావచ్చు. ఏడాదిలోపు ఎప్పుడైనా రావచ్చు, పాలిస్తూ వాడగల మందులూ ఉన్నాయి. టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళలో చేసినా తెలుగులో మాట్లాడతారు, డబ్బులు పడవు. మీకో పిల్లలకో హాని చేయాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా అదే రోజు ఇంట్లో చెప్పి డాక్టర్ దగ్గరికి వెళ్లండి. కూర్చున్నా ఆయాసం, ఒక కాలు మాత్రమే వాచి నొప్పి, హిమోగ్లోబిన్ 8 కంటే తక్కువ, వీటిలో ఏది ఉన్నా బిళ్లలతో ఎదురుచూడొద్దు. రిపోర్టులు వచ్చాక హిమోగ్లోబిన్, ఎంసీవీ, ఫెరిటిన్, టీఎస్‌హెచ్, బీ12 అంకెలు ఇక్కడ రాయండి, మిగతాది వాటిని బట్టి చూద్దాం.